పేరు రాసిన పలకతో ఫొటో

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న యూదు పిల్లల్ని ఎవరు చేరదీశారండీ?

జవాబు: చాలావరకు సహాయ సంఘాలే. జర్మనీలో డాకౌ దగ్గర ఇండర్స్‌డార్ఫ్ మఠంలో 1945లో అనాథ పిల్లల కేంద్రం తెరిచారు, అక్కడ ఒక్కొక్కరి చేతికీ పేరు రాసిన పలక ఇచ్చి ఫొటో తీశారు, బతికున్న బంధువులెవరైనా చూసి గుర్తుపడతారేమోనని. ఆ ముఖాలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

బ్రిటన్ 16 ఏళ్లలోపు పిల్లలు 1000 మందిని రానిస్తానంది. ఖర్చు మాత్రం అక్కడి యూదు సంఘాలే భరించాలి! చివరికి వచ్చింది 732 మందే, ఎందుకంటే నాజీ క్యాంపుల నుంచి అంత చిన్నవాళ్లు ప్రాణాలతో బయటపడడమే అరుదు.

అప్పట్లో అమెరికాకు వెళ్లాలంటే, అక్కడ వాళ్ల పోషణ చూసుకుంటామని ఎవరో ఒకరి పూచీ కావాలి. బంధువులే లేని పిల్లాడికి పూచీ ఎవరిస్తారు? 1945 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ఇచ్చిన ఆదేశంతో సహాయ సంఘాలే ఆ పూచీ ఇవ్వగలిగాయి.