పెట్టెలో పుల్లలు వచ్చాయని బెంగపడకు

ప్రశ్న: అక్కా, మేము అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని హిల్స్‌బరోలో ఇల్లు కొని మూడు నెలలయింది. ఐదు గులాబీ మొక్కలకు ఆర్డరు పెడితే అట్టపెట్టెలో మట్టి కూడా లేకుండా ఎండుపుల్లలు వచ్చాయి. ఒక్కొక్కటి 38 డాలర్లు. వెనక్కి పంపేయమంటారా?

పంపకు చెల్లెమ్మా, నువ్వేమీ మోసపోలేదు. ఇక్కడ జనవరి నుంచి మార్చి దాకా గులాబీని ఇలాగే అమ్ముతారు. మొక్క ఆకు రాల్చి నిద్రలో ఉండగా తవ్వి, మట్టి దులిపి, వేళ్లకు తడి తగిలేలా చుట్టి పంపుతారు. మట్టి బరువు ఉండదు కాబట్టి అదే రకం కుండీ మొక్క కన్నా మామూలుగా చవకే. కడియం నర్సరీలో నల్ల కవరు, మట్టిముద్ద, పైన పూసిన పువ్వు చూసి బేరమాడిన కళ్లకు ఇది పొయ్యిలోకి తెచ్చిన చితుకుల్లా కనిపిస్తుంది. నాకూ అలాగే కనిపించింది.

మేము బీవర్టన్‌లో ఇల్లు కొన్నది 2004లో. అప్పుడు డాలరు దాదాపు 45 రూపాయలు. ఉల్లిపాయలు కొన్నా ముందు మనసులో 45తో హెచ్చవేసేదాన్ని. మార్చి చివర ఒక పెద్ద దుకాణంలో కొమ్మలకు మైనం పూసిన గులాబీలను ప్లాస్టిక్ సంచుల్లో, నాలుగేసి డాలర్లకు తగ్గించి పెట్టారు. ఆరు తెచ్చాను. వెయ్యీ ఎనభై రూపాయలు! ఆ డబ్బుకు కడియంలో ఆటో నిండా మొక్కలు వస్తాయని దారి పొడుగునా మావారిని సాధించాను. తెచ్చాక వెంటనే నాటానా? వానగా ఉందని గరాజులో వేడినీళ్ల ట్యాంకు పక్కన పెట్టాను. రెండు వారాలకు తెరిస్తే సంచిలోనే పాలిపోయిన చిగుళ్లు, వేళ్లు పట్టుకుంటే చీపురుపుల్లల్లా విరుగుతున్నాయి.

అవే నాటాను. పారేస్తే నాలుగు డాలర్లు పోవూ? మా తాతగారు కొబ్బరి మొక్కకు గోతినిండా పశువుల ఎరువు వేసేవారు. ఇక్కడ పశువులు ఏవి? కోళ్ల ఎరువు బస్తా, పైన గుప్పెడు రసాయన గుళికలు వేసి వేళ్లను నేరుగా వాటి మీదే కూర్చోబెట్టాను. దానికి మరో 22 డాలర్లు. ఇక్కడి నేల బంకమన్ను, నీ పెరడూ అంతే అయి ఉంటుంది. నేను తవ్విన గుంటలు ఏప్రిల్ వానలకు బానల్లా నిండాయి. ఆరింటిలో నాలుగు పోయాయి.

మిగిలిన రెండింటిలో ఒకటి పసుపు గులాబీ. రెండో ఏడాది దాని మొదట్లోంచి నా ఎత్తు రెమ్మ దూసుకొచ్చింది. నా హస్తవాసి చూడండని వచ్చినవాళ్లందరికీ చూపించాను. తీరా పూస్తే ముదురు ఎరుపు! పసుపు మొక్కకు ఎర్రపూలు పూయించానని ఫోను కార్డు కొని మరీ రాజమండ్రికి చెప్పాను. పక్కింటి పెద్దావిడ కంచె మీదుగా చూసి నవ్వి, "డాక్టర్ హ్యూయీ" అంది. ఎవరో డాక్టరు వచ్చారనుకుని వీధివైపు చూశాను. అమెరికాలో చాలా గులాబీలను ఆ రకం వేరు మీదే అంటుకడతారట. అంటుకు కింద పుట్టిన పిలకను మేపితే, డబ్బు పెట్టి కొన్న పైరకం తిండిలేక పోతుంది. నాదీ పోయింది. డాక్టరు మాత్రం ఏటా ఒక్క విడత పూసి, మిగతా రోజులు మచ్చల ఆకులతో కూర్చునేవాడు. నువ్వు అలాంటి పిలకను పైపైన కత్తిరించకు. మట్టి తీసి, అది పుట్టిన చోటే పట్టుకుని లాగి పెరికెయ్యి.

ఇప్పుడు మా పెరట్లో ముప్పై ఒక్క మొక్కలున్నాయి కాబట్టి కాస్త పెద్దరికం చేస్తున్నాను, ఏమీ అనుకోకు. పెట్టె ఈ రాత్రే తెరువు. కొమ్మను గోటితో గీరు. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. వేళ్లు మునిగేలా బకెట్టు నీళ్లలో రాత్రంతా ఉంచు. ఒక రోజు దాటనివ్వకు. రేపే నాటడం కుదరదా, పెరట్లో వాలుగా పడుకోబెట్టి తడిమట్టి కప్పు. ఆరు గంటలు ఎండ పడే చోట అడుగున్నర వెడల్పు, అంతే లోతు గొయ్యి తవ్వి, ముందు నీళ్లు నింపి చూడు. మర్నాటికీ ఇంకకపోతే ఆ చోటు వదిలెయ్యి, లేదా మట్టి ఎత్తు చేసి నాటు.

గోతి మధ్యలో తవ్విన మట్టితోనే చిన్న పుట్ట చేసి, దాని మీద మొక్కను కూర్చోబెట్టి, వేళ్లను గొడుగు ఊచల్లా చుట్టూ పరువు. కాండం మొదట్లో బుడిపెలా ఉండేదే అంటు. మన చలికి అది నేలమట్టంగా ఉంటే చాలు, గడ్డకట్టే చలి ఉండే మినియాపోలిస్ వాళ్లయితే రెండంగుళాలు లోపలికి దించుకుంటారు. సగం మట్టి వేసి, నీళ్లు పోసి, ఇంకాక మిగతాది వెయ్యి. ఆ తరువాత కొమ్మలు సగం దాకా మునిగేలా మట్టి పోగు చెయ్యి, గాలికి ఎండిపోవు. చిగుళ్లు గోరంత అయ్యాక ఆ మట్టిని చేత్తోనే తియ్యి, పారతో కాదు. మొదటి విడత పూలు వచ్చేదాకా ఎరువుకు ఒక్క డాలరు పెట్టకు.

పెట్టాల్సింది కత్తెరకు. నేను తొమ్మిది డాలర్లవి మూడు విరగ్గొట్టి, 2009లో ఏడుస్తూ యాభై పెట్టి కొన్నది ఇప్పటికీ తెగుతోంది. ఏటా ఫిబ్రవరి మూడో సోమవారం, ప్రెసిడెంట్స్ డే సెలవు ఉంటుంది కదా, ఆ రోజుల్లో కొమ్మలు కత్తిరిస్తాను. వేసవిలో ఇక్కడ వాన ఉండదు, నీళ్ల బిల్లు గుండెల్లో గుచ్చుకుంటుంది. నీళ్లు పాదులోకే, పొద్దున్నే పొయ్యి. ఆకులు తడిస్తే నల్లమచ్చ తెగులు వస్తుంది.

ఇక ముందు రకాలు బొమ్మ చూసి కొనకు. పోర్ట్‌లాండ్ వాషింగ్టన్ పార్కులో 1917 నాటి గులాబీ తోట ఉంది, ప్రవేశం ఉచితం. పార్కింగుకు డబ్బు అడుగుతారు, అందుకే నేను మ్యాక్స్ అనే మన సిటీ రైల్లో వెళతాను. జూన్‌లో వెళ్లి, పువ్వు కాదు, ఆకు చూడు. మచ్చలేని మొక్క పేరు రాసుకుని చలికాలంలో ఆర్డరు పెట్టు. ఊరి నుంచి పెట్టెలో కొమ్మలు తెచ్చుకునే ఆలోచన మాత్రం వద్దు. విమానాశ్రయంలో తీసేసుకుంటారు. ఆ నిబంధనలూ, మీ కాలనీ సంఘం నిబంధనలూ నువ్వే చదువుకో.

ఇంకొకటి. ఒక్కో పుల్ల 38 డాలర్లని మీ అత్తగారికి చెప్పకు. 2015లో మా అత్తగారు వచ్చినప్పుడు నేను నోరు జారాను. ఉన్న ఆరు నెలలూ ఇంటికి ఎవరొచ్చినా ఆవిడ పెరటి తలుపు తీసి, "ఇదిగో, ఇదే రెండు వేల రూపాయల పుల్ల" అని చూపించారు.