గుంట ఏడిస్తే గంట ఏడ్చింది

చి. స్వాతికి,

ముందుమాట అడుగుతూ నువ్వు పంపిన కథ మూడో పేజీలో ముసలమ్మ "గంట ఏడుస్తుంది పాలు పట్టండి" అంటుంది. గుడిగంటకు పాలేమిటని కాసేపు బుర్ర గోక్కున్నాను. ఈమధ్య కథల్లో ఇలాంటి ప్రతీకలకు కొదవ లేదు కాబట్టి, అదీ ఒకటేమోనని వదిలేయబోయాను. నువ్వు "గుంట ఏడుస్తంది" అని ఉంటావని తర్వాత వెలిగింది. మణికట్టు నొప్పి వల్ల కథంతా ఫోన్‌కి చెప్పి రాయించానని ఉత్తరం చివర్లో రాశావు. అదేదో మొదట్లోనే రాస్తే నాకీ టెన్షన్ తప్పేది.

చెప్పి రాయించడంలో తప్పేం లేదు. ఇంగ్లిష్ నవలాకారుడు హెన్రీ జేమ్స్‌దీ మణికట్టు నొప్పే. 1897 నుంచి ఆయన చెబుతుంటే టైపిస్టు మిషన్ మీద కొట్టేవారు. కానీ టైపిస్టుకి అర్థం కాకపోతే "ఏమన్నారండీ?" అని అడగడానికి నోరుంది. నీ ఫోన్ అడగదు. విన్న శబ్దానికి, అంతవరకు తను నేర్చుకున్న మాటల్లో ఏది బాగా నప్పుతుందో చూసి పెట్టేస్తుంది. వాక్యం ముగిసేసరికి వెనక్కి వెళ్లి వెనకటి మాటను మార్చేయడం నువ్వూ చూసే ఉంటావు. గంట దానికి బాగా తెలుసు. గుంట అంటే మీ పాలకొండ వైపు పిల్ల అని దానికెవరు చెప్పారు?

అదొక్కటేనా? "ఏటి సేత్తన్నావు" అనాల్సిన మనిషి "ఏంటి చేస్తున్నావు" అంటోంది. బుగత కాస్తా భగత్ అయ్యాడు, ఊరి భూస్వామి పంజాబీ అయిపోయాడు. పేజీన్నర దాకా చుక్క లేదు, ఒకచోట మాత్రం "ఫుల్‌స్టాప్" అని అక్షరాల్లోనే ఉంది. తండ్రి పోయిన రాత్రి అప్పాచెల్లెళ్లు బియ్యం కొలుచుకునే చోట నాకు గొంతు పట్టేసింది. అక్కడ వాళ్లు పెద్దగా మాట్లాడుకోరు కాబట్టి యంత్రానికి పాడుచేసే వీలు దొరకలేదు.

ఈ దిద్దుబాటు నాకు కొత్త కాదు. నేను కథలు మొదలుపెట్టిన రోజుల్లో ఒక వారపత్రికలో సబ్ ఎడిటర్ ఉండేవాడు. అరఠావులకు ఒకవైపే రాసి, తిరుగు స్టాంపులు పెట్టి పంపితే, నా పాత్రలు "ఏటి" అన్నచోటల్లా "ఏమిటి" చేసి అచ్చేశాడు. మీ అమ్మ కాలేజీకి ఎప్పుడెళ్లిందిరా అని ఊళ్లో ఒకటే నవ్వులు. అడిగితే, పాఠకులకు అర్థం కావద్దా అన్నాడు. తర్వాత్తర్వాత మాండలికానికి గిరాకీ వచ్చింది. అదే పెద్దమనిషి ప్రత్యేక సంచికకి "మీ యాసలో ఒకటి పంపండి, కాస్త ఘాటుగా" అని కార్డు రాశాడు. నేను పంపలేదు. ఆ కార్డు ఇంకా నా బీరువాలో ఉంది. ఇప్పుడు నీ ఫోన్‌లో కూర్చున్నది ఆయన మనవడే.

నా వేళ్లూ మాట వినడం మానేశాయి, నేనూ చెప్పే రాస్తున్నాను. గూగుల్ వాళ్లు 2017లో తెలుగు వాయిస్ టైపింగ్ తెచ్చేదాకా "అను" ఫాంట్లలో తెలుగు టైపు చేయడం వచ్చిన డీటీపీ కుర్రాడి చుట్టూ తిరిగేవాణ్ణి. వాడికి పెళ్లిశుభలేఖల సీజన్ వస్తే నా నవల ఆగిపోయేది. అందుకని ఈ సౌకర్యాన్ని నేను తిట్టను. కథనం వరకు దానికి చెప్పు. సంభాషణలు మాత్రం దాని చేతికి ఇవ్వకు. వాటిని మామూలు రికార్డర్‌లో నీ గొంతుతో పెట్టుకో. వాయిస్ టైపింగ్‌లో చివరికి అక్షరాలే మిగులుతాయి. రేపు నువ్వు అసలేమన్నావో చూసుకుందామంటే గొంతు ఉండదు. రికార్డు వింటూ రోజుకి ఒక పేరా టైపు చెయ్యి. చెయ్యి సహకరించకపోతే మీ తమ్ముణ్ణి కూర్చోబెట్టు. ళ-ల, ణ-న తారుమారయ్యాయేమో కూడా చూసుకో.

శ్రీకాకుళంలో కథానిలయం ఉంది కదా, 1997లో కాళీపట్నం రామారావు మాస్టారు పెట్టింది. ఒకపూట వెళ్లి పాత పత్రికలు తిరగెయ్యి. మీ మాటల్ని ముందువాళ్లు ఎలా అచ్చులోకి ఎక్కించారో, ఎక్కడ ఏ అక్షరం వాడారో నోట్‌బుక్‌లో రాసుకో. ఏ యాప్ మంచిదని నన్నడిగే బదులు ఆ పని చెయ్యి.

ముసలమ్మ మాటలున్న పేజీలు దిద్ది, ఆడియోతో సహా పంపు. జీమెయిల్‌లో 25 ఎంబీ దాటితే అటాచ్ అవదు, వాట్సాప్‌లో పెట్టు. ముందుమాట సంగతి అది విన్నాక చూద్దాం.

ఆశీస్సులతో,
మాస్టారు