స్కోపు పవర్ పెంచాలా? ముందు వీసా, ఆ తర్వాతే అద్దాలు

ప్రశ్న: మాది కావలి. హెచ్-1బీ మీద డాలస్ వచ్చాను. ఆఫీసులో ఒకాయన బెంచ్‌రెస్ట్ షూటింగ్‌కి (రైఫిల్‌ని బల్ల మీద ఆనించి కాల్చే పోటీ) రమ్మంటున్నాడు. తన పాత 24ఎక్స్, 40 మి.మీ. స్కోపు (రైఫిల్ మీద బిగించే దుర్భిణి; 24 రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దం 40 మి.మీ.) ఇస్తాడంట. వెనక బూస్టర్ (బొమ్మను ఇంకా పెద్దది చేసే అద్దం) బిగిస్తే 48ఎక్స్ అవుతుందంటున్నాడు, నిజమేనా?

జవాబు: అవుతుంది. కానీ పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. అద్దాల సంగతికొచ్చే ముందు వీసా సంగతి చూసుకో తమ్ముడూ.

మన దగ్గర తుపాకీ లైసెన్సు కావాలంటే కలెక్టరాఫీసు చుట్టూ తిరగాలి. ఇక్కడ చాలా రేంజీల్లో ఐడీ చూపించి, ఒక సంతకం పెడితే అద్దె రైఫిల్ చేతికిస్తారు. అంత సులువుగా ఇస్తున్నారు కదా, తప్పేముందిలే అనుకుంటారు నెల్లూరు, ఒంగోలు నుంచి వచ్చే పిల్లలు. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీగానీ తూటాగానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజీలో కాసేపు పట్టుకున్నా అదే లెక్క. శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే చాలు.

మినహాయింపుల్లో మనలాంటి వాళ్లకు పనికొచ్చేది ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న, ఆ తర్వాత పుట్టినవాళ్లు వేటగాళ్ల శిక్షణ కూడా పూర్తిచేయాలి. అక్కడి ఏడాది లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబరు 1న పాత కాగితంతో రేంజీకి పోయావంటే మినహాయింపు లేనట్టే. గ్రీన్‌కార్డు వచ్చాక ఈ గొడవ ఉండదు. ఉత్త స్కోపు తుపాకీ కిందికి రాదు, అది తీసుకోవచ్చు.

ఇక పవర్ సంగతి. ముందు అద్దం వ్యాసాన్ని పవర్‌తో భాగిస్తే కంటికి చేరే వెలుగు చుక్క ఎంతో తెలుస్తుంది. 40 మి.మీ. అద్దానికి 24ఎక్స్ దగ్గర అది 1.7 మి.మీ., 48ఎక్స్ దగ్గర 0.8 మి.మీ. వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, తల వెంట్రుకవాసి కదిలినా బొమ్మ నల్లబడుతుంది. కనిపించే మేర సగమైపోయి పక్క టార్గెట్ మీద గురిపెట్టే ప్రమాదం ఉంది.

అసలు లోటు ఇంకోటి. ఎంత చిన్న వివరం విడివిడిగా కనిపించాలో తేల్చేది ముందు అద్దం వెడల్పే. 40 మి.మీ. అద్దం ఎంత బాగున్నా 100 గజాల దగ్గర సుమారు 1.3 మి.మీ. కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని విడదీయలేదు. మామూలు కంటికి ఆ తేడా 20ఎక్స్ దగ్గరే అందుతుంది. కన్ను శ్రమపడకుండా ఉండాలంటే 36, 40 దాకా పోవచ్చు. అది దాటితే మసకే పెద్దదవుతుంది. అందుకే పోటీ స్కోపుల్లో పవర్‌కు తగ్గట్టు అద్దమూ ఉంటుంది. లూపోల్డ్ 45ఎక్స్‌కి 45 మి.మీ., నైట్‌ఫోర్స్ 15-55ఎక్స్‌కి 52 మి.మీ.

బూస్టర్ బొమ్మతోపాటు క్రాస్‌హెయిర్‌నూ (గురి చూసే అడ్డగీతలు) లావు చేస్తుంది కాబట్టి తూటా రంధ్రం మీద గీత ఎంత మేర కప్పేదో అంతే కప్పుతుంది. గురి సరిచేసే మర ఒక్కో క్లిక్కుకు గురిని ఎంత జరుపుతుందో ఆ విలువ మారదు. స్కోపు విప్పి లోపలి అద్దాలు మార్పిస్తే గీత లావెక్కకుండా పవర్ పెరుగుతుంది. కానీ అందులో నింపిన నైట్రోజన్ పోతుంది, వారంటీ పోతుంది, సీలు సరిగా పడకపోతే లోపల తేమ పడుతుంది. పాత స్కోపు మీద అంత డబ్బు పెట్టడం దండగ.

గురి చెదిరేది ఎక్కువగా పారలాక్స్ వల్ల, అంటే తల కదిలితే టార్గెట్ మీద గీత జరిగినట్టు కనిపించడం. ముందు ఐపీస్ (కంటి వైపు అద్దం) సరిచెయ్యి: స్కోపును తెల్లగోడ వైపు తిప్పి రెండు సెకన్లు చూసి కన్ను తీసెయ్యి. ఎక్కువసేపు చూస్తే కన్నే సర్దుకుని మోసం చేస్తుంది. గీత చూడగానే నల్లగా, పదునుగా కనిపించేదాకా తిప్పు. తర్వాత రైఫిల్‌ని ఇసుక సంచుల మీద పెట్టి, చెయ్యి తగలకుండా తలను పైకీ కిందికీ ఆడించు. టార్గెట్ మీద గీత జరిగితే పారలాక్స్ రింగు తిప్పు, జరగడం ఆగాలి. రింగు మీద 100 అని ఉన్న అంకెను నమ్మొద్దు.

ఎండమావి రెండోది. మే నెలలో ఒంగోలు హైవే మీద ఊగే నీళ్లే ఇక్కడ టార్గెట్ ముందు ఊగుతాయి, పవర్ పెంచేకొద్దీ ఇంకా ఊగుతాయి. జూమ్ స్కోపైతే 24, 25కి దించి కాల్చు. వేడెక్కిన రైఫిల్ బ్యారెల్ నుంచి లేచే వేడిగాలికి స్కోపు ముందు నీడగొట్టం, బ్యారెల్‌పైన వెడల్పాటి పట్టీ చాలు.

ఆయన ఇచ్చే స్కోపుకు ఒక పరీక్ష పెట్టు. కాల్చేది ఆయన్నే కాల్చమను. 100 గజాల్లో ఐదు తూటాలు, 1/8 క్లిక్కుల టరెట్ (గురి సరిచేసే మర; 100 గజాల్లో ఒక్కో క్లిక్కుకు 1/8 అంగుళం కన్నా కాస్త ఎక్కువ జరుపుతుంది) 16 క్లిక్కులు కుడికి తిప్పి ఐదు, మళ్లీ వెనక్కి తిప్పి ఐదు. రెండోసారి కాల్చిన ఐదు రంధ్రాల గ్రూపు 2.1 అంగుళాలు జరగాలి, మూడోది మొదటిదాని మీదే పడాలి. పడకపోతే లోపలి స్ప్రింగు సడలినట్టు. ఆ స్కోపుకి పవర్ పెంచీ లాభం లేదు.

పోటీలకు పోతే తరగతి చూసుకో. లైట్ వార్మింట్ తరగతికి రైఫిల్ బరువు స్కోపుతో సహా 10.5 పౌండ్లు దాటకూడదు, హెవీ వార్మింట్‌కు 13.5. హంటర్ తరగతిలోనైతే 6ఎక్స్‌కి మించనివ్వరు.

కావలి వెళ్లేటప్పుడు ఆ స్కోపును సూట్‌కేసులో పడెయ్యొద్దు. రైఫిల్ స్కోపులు అమెరికా ఎగుమతి నియంత్రణ జాబితాలో ఉన్నాయి, లైసెన్సు లేకుండా ఇండియాకు తీసుకుపోతే కేసవుతుంది.