నైరేరే మీద వ్యాసం రాసే ముందు

అమ్మలూ,

కాలేజీ పత్రికకి టాంజానియా తొలి అధ్యక్షుడు జూలియస్ నైరేరే గురించి రాస్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను.

1922లో బుటియామాలో పుట్టారు అంటూ మొదలుపెట్టకు. 1962 జనవరి దగ్గర ఎత్తుకో. స్వాతంత్ర్యం వచ్చి రెండు నెలలైనా కాలేదు, ప్రధాని పదవి వదిలేసి పార్టీ పని మీద జనంలోకి వెళ్లిపోయారు. ఆ ఏడాది చివర్లో అధ్యక్షుడిగా తిరిగొచ్చారు. అప్పటికి దేశం పేరు టాంగన్యీకా. 1964లో జాంజిబార్ కలిశాకే టాంజానియా అయింది. ఇక్కడ చాలామంది తప్పు రాస్తారు, చూసుకో.

జనం ఆయన్ని ‘మ్వాలిము’ అని పిలిచేవారు, అంటే మాస్టారు. నిజంగానే బడిపంతులు. నూటికి పైగా తెగలున్న దేశానికి స్వాహిలీని ఉమ్మడి భాషగా నిలబెట్టారు. దేశాన్ని నడుపుతూనే షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’ని ఆ భాషలోకి అనువదించారు. ఈ భాగానికి చోటు ఎక్కువివ్వు, నాకు చాలా ఇష్టమైనది.

ఇక కష్టమైన భాగం ఉజమా, అంటే ఒకే కుటుంబంలా కలిసి బతకాలన్న ఆయన సోషలిజం. 1967లో ఆ విధానాన్ని చాటిన అరుషా ప్రకటనతో నాయకులు షేర్లు కొనకూడదన్నారు, ఇళ్లు అద్దెకివ్వకూడదన్నారు, రెండో జీతం వద్దన్నారు. అది చదివితే ఇప్పటికీ నా మనసు పొంగుతుంది. కానీ ఉమ్మడి పల్లెల్లోకి రమ్మని మొదట నచ్చజెప్పినవాళ్లే 1973 తర్వాత బలవంతంగా తరలించారు. లక్షలాది మంది సొంత చోటు వదిలారు, కొన్నిచోట్ల ఇళ్లు తగలబెట్టారు. విచారణ లేకుండా నిర్బంధించే చట్టమూ ఆయన హయాంలో అమలైంది. వీటిని చివర్లో ఒక్క వాక్యంలో దాటేయకు. అలాగని మంచి ఒకవైపు, చెడు ఒకవైపు పట్టిక గీయకు. రెండూ ఒకే మనిషిలోవి. పిల్లలకి ఏది మంచిదో మాస్టారికే తెలుసన్న నమ్మకం అక్షరాలూ నేర్పింది, ఊళ్లూ ఖాళీ చేయించింది. నేనూ ఆ వృత్తిలోనే బతికాను కాబట్టి ఆ నమ్మకం ఎంత తియ్యగా ఉంటుందో తెలుసు.

ఇదంతా, ఉగాండా నియంత ఇదీ అమీన్‌తో యుద్ధమూ ఒకే వ్యాసంలో పట్టవు. యుద్ధం రెండు మాటల్లో తేల్చెయ్.

1985లో తనంతట తానే దిగిపోయి బుటియామా చేరి వ్యవసాయం చేసుకున్నారు. 1999లో లండన్ ఆసుపత్రిలో పోతే, తెచ్చి సొంతూళ్లోనే పాతిపెట్టారు. పుట్టిన ఊరి పేరు అక్కడ మొదటిసారి రాయి.

రాత పూర్తయ్యాక పంపు, తేదీలు ఒకసారి చూసిపెడతాను.

మీ పెద్దనాన్న