చెవికి ఇంపుగా ఉన్నదే సరైన వాక్యమా?

ప్రశ్న: అయ్యా, నేను అమలాపురంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఎంబీఏ కోసం ఐసెట్‌కు సిద్ధమవుతూ, మా అన్నయ్య ఇచ్చిన పాత జీమ్యాట్ (ఎంబీఏ వంటి కోర్సులకు రాసే మరో ప్రవేశ పరీక్ష) పుస్తకంలో ఇంగ్లీషు వాక్య సవరణ ప్రశ్నలను కూడా సాధన చేస్తున్నాను. వాక్యాన్ని పైకి చదువుకుని, చెవికి ఇంపుగా ఉన్న జవాబును గుర్తిస్తుంటే సగానికి సగం తప్పుతున్నాయి. మొన్న మా లెక్చరర్ ఇచ్చిన ‘ద క్వాలిటీ ఆఫ్ ద కోకోనట్స్ ఫ్రమ్ ద అంబాజీపేట మార్కెట్స్ హావ్ ఇంప్రూవ్డ్’ అనే వాక్యంలో తప్పేమీ లేదని రాశాను. నా పద్ధతిలో లోపం ఎక్కడ ఉంది? ఆ పాత పుస్తకం ఇప్పటికీ పనికొస్తుందా?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ చెవి మంచిదే, కాకపోతే అది తెలుగు విని పెరిగిన చెవి. మీరు పంపిన వాక్యాన్నే తెలుగులో చెప్పుకోండి: ‘అంబాజీపేట మార్కెట్ల నుంచి వచ్చే కొబ్బరికాయల నాణ్యత పెరిగింది.’ మన వాక్యంలో వివరాలన్నీ ముందే వచ్చేసి, అసలు కర్త అయిన ‘నాణ్యత’ క్రియ పక్కనే కూర్చుంటుంది కనుక పొరబడే అవకాశం తక్కువ. ఇంగ్లీషులో ఈ వరస తిరగబడుతుంది. ‘క్వాలిటీ’ మొదట్లోనే ఉండిపోగా, ‘ఆఫ్’, ‘ఫ్రమ్’ వెంట వచ్చిన మాటలు మధ్యలో దూరి, చివరికి ‘మార్కెట్స్’ అనే బహువచనం క్రియను ఆనుకుని నిలబడుతుంది. ‘మార్కెట్స్ హావ్’ అన్నది చెవికి సరిపోయింది కాబట్టే మీరు ముందుకు సాగిపోయారు. ‘ఆఫ్’ నుంచి ‘మార్కెట్స్’ వరకు పెన్సిలుతో కొట్టేస్తే మిగిలేది ‘ద క్వాలిటీ హావ్ ఇంప్రూవ్డ్’. అక్కడ ‘హాజ్’ ఉండాలని మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ‘ఎలాంగ్ విత్’, ‘యాజ్ వెల్ యాజ్’ అంటూ మొదలయ్యే ముక్కలను కూడా ఇలాగే కొట్టేయండి.

ఇంతకంటే లోతైన గుంట మరొకటి ఉంది. ‘వచ్చి’, ‘చూసి’ వంటి క్త్వార్థక రూపాలకూ చివరి క్రియకూ సాధారణంగా ఒకే కర్త ఉంటుందని బడిలో సంక్లిష్ట వాక్యాల పాఠంలో చదివే ఉంటారు. అయినా ‘వానలు కురిసి పంటలు పండాయి’ అంటే మనమెవరమూ తప్పు పట్టం. కారణాన్ని చెప్పేటప్పుడు కర్తలు వేరైనా మన భాష సర్దుకుపోతుంది. పరీక్షల ఇంగ్లీషు అంత సులువుగా సర్దుకోదు. ‘కంప్లీటెడ్ ఇన్ 1852, ఆర్థర్ కాటన్ బిల్ట్ ద ఆనికట్ ఎట్ ధవళేశ్వరం’ అనే వాక్యాన్ని చూడండి. కామా దాటగానే ఉన్న నామవాచకానికే ముందు ముక్క అతుక్కుంటుంది కాబట్టి, ఈ వాక్యం ప్రకారం 1852లో పూర్తయినది ఆనకట్ట కాదు, సాక్షాత్తు కాటన్ దొరే! 1847లో పని మొదలై ఆ ఏట పూర్తయినది ఆనకట్ట కనుక, కామా తర్వాత ‘ద ఆనికట్’ వచ్చే జవాబునే ఎంచుకోవాలి. అప్పుడు వాక్యం ‘వాజ్ బిల్ట్’ అని కర్మణి ప్రయోగంలోకి మారినా ఫరవాలేదు. కర్మణి ఉంటే తప్పు, ‘బీయింగ్’ కనిపిస్తే తప్పు, పొట్టిగా ఉన్నదే ఒప్పు అంటూ చాలామంది బట్టీ పట్టే చిట్కాలు సరిగ్గా ఇలాంటి చోటే ముంచుతాయి. నాకైతే వాటిమీద బొత్తిగా నమ్మకం లేదు.

పోలికల దగ్గర కూడా ఇదే తంతు. ‘తణుకులో ధాన్యం ధర భీమవరం కంటే ఎక్కువ’ అంటే రైతుకైనా మిల్లరుకైనా అర్థమవుతుంది. దాన్ని మాటకు మాట ఇంగ్లీషులో పెట్టి ‘దాన్ భీమవరం’ అని ముగిస్తే ధరను ఊరితో పోల్చినట్టవుతుంది. ‘దాన్ దట్ ఇన్ భీమవరం’ అంటే ధరకు ధర సరితూగుతుంది. ఇక ‘పదేళ్ల నుంచి’ అనే అలవాటు కొద్దీ ‘సిన్స్ టెన్ ఇయర్స్’ అనడం మీరూ వినే ఉంటారు. కాలం నిడివికి ‘ఫర్’, మొదలైన క్షణానికి ‘సిన్స్’ వాడాలి. మన ‘నుంచి’ ఆ రెండు పనులూ ఒక్కటే చేసేస్తుంది.

సాధన చేసేటప్పుడు ఒక్కో జవాబునూ ఆసాంతం చదవడం మానేసి, జవాబులను నిలువుగా పోల్చి, అవి ఎక్కడ విడిపోతున్నాయో చూడండి. రెండింటిలో ‘హాజ్’, రెండింటిలో ‘హావ్’ ఉంటే ప్రశ్న కర్త గురించే అడుగుతోందన్నమాట. కర్తను పట్టుకుంటే రెండు జవాబులు ఒక్క దెబ్బకు పోతాయి. చెవిని చివర మిగిలిన రెండింటి దగ్గర మాత్రమే అడగండి. ఐసెట్‌లో 150 నిమిషాలలో 200 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు 45 సెకన్లే ఉంటాయి. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి, అప్పటికీ తేలకపోతే ఏదో ఒకటి గుర్తించి ముందుకు వెళ్ళండి.

అన్నయ్య పుస్తకం సంగతి: జీమ్యాట్‌లో అయిదు జవాబులతో, మొదటిది అసలు వాక్యాన్నే తిరిగి ఇచ్చేలా ఉండే ఈ ప్రశ్నలను 2023 నవంబరులో వచ్చిన కొత్త పరీక్ష నుంచి తీసేశారు, 2024 జనవరితో పాత పరీక్ష కూడా ఆగిపోయింది. కనుక ముందుముందు మీరు జీమ్యాట్ రాసినా దానికోసం ఆ అధ్యాయం చదవనక్కర్లేదు. ఐసెట్‌లో మాత్రం కమ్యూనికేషన్ ఎబిలిటీ విభాగంలో వ్యాకరణం ఇంకా అడుగుతూనే ఉన్నారు. అక్కడి ప్రశ్నలు ఇంత మెలికలు తిరిగి ఉండవు కాబట్టి, ఆ పుస్తకం నుంచి రోజుకు నాలుగైదు చేస్తే చాలు, మిగిలిన సమయాన్ని ఐసెట్ పాత ప్రశ్నపత్రాలకు ఇవ్వండి.