లైంగిక హింసపై టీవీ డాక్యుమెంటరీలు బాధితులకు నిజంగా మేలు చేస్తాయా?

ఇలాంటి డాక్యుమెంటరీలు బాధితులకు నిజంగా తోడ్పడతాయా, లేక వారి బాధను చూపించి ప్రేక్షకులను పెంచుకుంటాయా అని మీరు అడిగారు. బాధితుల సహాయవాణిలో కొన్నేళ్లు ఫోన్లు అందుకున్న అనుభవంతో చెబుతున్నాను. మేలు జరుగుతుంది. అయితే అది ఎక్కువగా ఇంట్లో కూర్చుని చూస్తున్న మరో బాధితురాలికి దక్కుతుంది, దాని బరువు మాత్రం తెర మీద మాట్లాడినవారే మోయవలసి వస్తుంది.

కార్యక్రమం ప్రసారమైన రాత్రి, ఆ తర్వాతి కొద్ది రోజులు మాకు ఫోన్లు బాగా పెరిగేవి. చేసినవారిలో చాలామంది ఇరవై, ముప్పై ఏళ్ల కిందట జరిగినదాని గురించి మొదటిసారిగా నోరు విప్పేవారు. అరవలేకపోయానని, ఆ తర్వాత కూడా అతనితో మామూలుగానే మాట్లాడానని తెర మీద ఒకరు చెప్పిన చిన్న వివరమే వారిని ఫోన్ దాకా తెచ్చేది. భయంతో శరీరం కొయ్యబారిపోవడం సహజమని మేము ఎంత చెప్పినా నమ్మనివారు, అదే మాట తమలాంటి మరొకరి నోట విన్నాక నమ్మడం నాకు అనుభవమే.

2012 అక్టోబరులో బ్రిటన్‌లోని ఐటీవీ, అంతకు ఏడాది ముందు మరణించిన ప్రముఖ వ్యాఖ్యాత జిమ్మీ సావిల్ అకృత్యాలపై డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. అదే విషయంపై బీబీసీ సిబ్బంది సాగించిన పరిశోధన అప్పటికే ప్రసారం కాకుండా ఆగిపోయింది. ఆ తర్వాత పోలీసులు ప్రారంభించిన దర్యాప్తులో దాదాపు 450 మంది అతనిపై ఫిర్యాదు చేశారని 2013 జనవరి నివేదిక తెలిపింది. నిందితుడు చనిపోయాడు కాబట్టి విచారణ జరగలేదు, ఆ లోటు పూడ్చలేనిది. అమెరికాలో గాయకుడు ఆర్. కెల్లీ 2008లో ఒక లైంగిక నేరాల కేసులో నిర్దోషిగా బయటపడ్డాడు. 2019 జనవరిలో అనేకమంది మహిళల మాటలతో ఒక డాక్యుమెంటరీ సిరీస్ వచ్చాక, బాధితులు ముందుకు రావాలని షికాగో ప్రాసిక్యూటర్ బహిరంగంగా కోరారు. మరుసటి నెలలోనే అభియోగాలు నమోదయ్యాయి. వేరొక కేసులో 2021లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు జ్యూరీ అతన్ని దోషిగా తేల్చగా, మరుసటి ఏడాది 30 ఏళ్ల శిక్ష పడింది.

నాకు వీటికంటే ముఖ్యమైనదిగా తోచేది 1982లో బీబీసీలో వచ్చిన, దర్శకుడు రోజర్ గ్రేఫ్ తీసిన డాక్యుమెంటరీ చిత్రం. అత్యాచారం జరిగిందని చెప్పడానికి వచ్చిన మహిళను ఇంగ్లండ్‌లోని థేమ్స్ వ్యాలీ పోలీసు అధికారులు ఎంత అవమానకరంగా, ఎంత అపనమ్మకంతో ప్రశ్నించారో అందులో ఉన్నది ఉన్నట్టు చూపించారు. బ్రిటన్ అంతటా ఆగ్రహం వ్యక్తమైంది, ఇలాంటి ఫిర్యాదులను స్వీకరించే పద్ధతులను, అధికారుల శిక్షణను మార్చడానికి ఆ చిత్రం దారితీసింది. ఘోరాన్ని వర్ణించడం దానికి అవసరం కాలేదు, వ్యవస్థ ప్రవర్తనను చూపించడమే సరిపోయింది.

మిమ్మల్నో, మీకు తెలిసినవారినో మాట్లాడమని ఎవరైనా అడిగి ఉంటే, ముందుగా కొన్ని విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి. ప్రసారానికి ముందు మీ భాగాన్ని మీకు చూపించాలి, వద్దనుకుంటే మీ సమ్మతిని వెనక్కి తీసుకునే గడువు స్పష్టంగా ఉండాలి, ప్రసార తేదీ మీకు ముందే తెలియాలి. ఈ చివరిదాన్ని చాలామంది చిన్న విషయంగా భావిస్తారు, కానీ ఒక మహిళ తన ఇంటర్వ్యూ ప్రసారమైందని బంధువుల ఫోన్ల వల్ల తెలుసుకుని, ఆ రాత్రే మాకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడలేకపోయారు. ముఖం కనిపించకపోయినంత మాత్రాన గుర్తుపట్టరని అనుకోకండి. గొంతు, చేతులు, వెనుక కనిపించే గది, మాట తీరు చాలు, తెలిసినవారు ఇట్టే పోల్చుకుంటారు. కేసు నడుస్తుంటే లేదా పెట్టే ఆలోచన ఉంటే న్యాయవాదిని అడగకుండా కెమెరా ముందుకు వెళ్లకండి, ఎందుకంటే ఇంటర్వ్యూలోని మాటకూ వాంగ్మూలంలోని మాటకూ ఉన్న చిన్న తేడాను కూడా ప్రతివాది తరఫువారు కోర్టులో వాడుకుంటారు. ప్రసారం తర్వాత కొన్ని వారాలపాటు మీకు తోడుగా ఎవరు ఉంటారో, ఆ ఖర్చు ఎవరు భరిస్తారో కూడా నిర్మాతలనే అడగండి. సూటిగా జవాబివ్వని బృందానికి ఇంటర్వ్యూ ఇవ్వవద్దని నా సలహా.