సమాధానం: కిరిగామి షీట్ సాగదీస్తే కోతల చివర పగులుతోంది

సోలార్ ట్రాకర్ (సూర్యుడి వైపు తిరిగే సోలార్ ప్యానెల్ అమరిక) కోసం కిరిగామి, అంటే షీట్‌లో కోతలు పెట్టి సాగేలా చేసే పద్ధతి, వాడుతున్నారని, కాగితంలో బాగానే వచ్చినా 2 మి.మీ. యాక్రిలిక్ షీట్ మాత్రం పగులుతోందని అడిగారు. మీ డిజైన్ తప్పేం కాదండీ. కాగితంలో చక్కగా సాగిన కోతలు 2 మి.మీ. యాక్రిలిక్‌లో పగలడానికి అసలు కారణం మందం. లాగినప్పుడు కోతల మధ్య పట్టీలు మెలి తిరిగి పైకి లేవాలి. పట్టీ వెడల్పుతో పోలిస్తే షీట్ మరీ మందంగా ఉంటే అది జరగదు, ఒత్తిడంతా కోత కొసల్లోనే పోగవుతుంది. పైగా యాక్రిలిక్ పెళుసు.

0.5 మి.మీ. పాలీప్రొపిలీన్ లేదా పెట్ (PET) ప్లాస్టిక్ షీట్ తీసుకోండి. ప్రతి కోత చివర చిన్న గుండ్రటి రంధ్రం తప్పకుండా పెట్టండి, పగులు అక్కడే ఆగుతుంది. ఇంకా సాగాలంటే కోతల పొడవు పెంచండి.

పీవీసీని మాత్రం లేజర్‌తో కోయకండి, విషవాయువు వస్తుంది.

మీ సోలార్ ట్రాకర్ ఆలోచన నాకు చాలా నచ్చింది. 2015లో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు ఇలాంటి కోతలతోనే సూర్యుడి వైపు తిరిగే పలుచని సోలార్ సెల్స్ చేసి చూపించారు.